నావ యెవరిది?

విజయవాడ వన్‌టౌనులో, కృష్ణవేణి యొడ్డున కూర్చుండి సముద్రపు నావనుగూర్చి వ్రాయుట కొందఱు పాఠకులకు వింతగా తోచవచ్చును. కాని యీ యూరికిని కడలికిని నడుమ నున్నది సుమారు 70 కిలోమీటర్ల బందరు బాట మాత్రమే. ఈ యూర తలయెత్తిన కాలువలమీదనే యొకప్పుడు ధాన్యమును, ఉప్పును, కలపయు పడవలలో పయనించెను. నేడా కాలువలమీద పడవలు లేవు. అయినను మన సంతలో తూకమునకు వచ్చు సముద్రపు చేప నేటికిని ఏదో యొక నావనుండియే దిగుచున్నది. చేప ధర యెంతయని మనము దినదినము నడుగుచున్నాము. ఆ చేపను తెచ్చిన నావ యెవరిదని యెన్నడైన నడిగితిమా?

ఏటేట ఏప్రిలు 15వ తేదినుండి జూను 14వ తేదివరకు, అనగా 61 దినములు, తూర్పుతీరమున ఇంజను నావలకు వేట నిషిద్ధము. మత్స్యసంతతి వర్ధిల్లుటకై యేర్పడిన ఈ విరామము నావ యొడ్డెక్కు కాలము. మరమ్మతు కాలమును, ఆశల కాలమును, అప్పుల కాలమును కూడ నిదియే. ఈ సారి యడుగుభాగమునకు క్రొత్త పొర వేయింతునా, పాత యింజను తీసి యెక్కువ అశ్వశక్తి గలదానిని బిగింతునా, ఐసుపెట్టె మార్తునా యని ప్రతి చిన్న నావ యజమానియు ఈ రెండు నెలలలోనే తర్కించుకొనును. ఆ తర్కమునకు ముగింపు మాత్రము తఱచుగా షావుకారు వాకిటనే జరుగును.

కొంతకాలము క్రిందట బందరుకు సమీపమునగల యొక రేవున వృద్ధుడైన మత్స్యకారుని మేము చూచితిమి. ఒడ్డున ఒరగబెట్టిన ఫైబరు నావకు గాజునార యతుకు వేయుచుండెను. ఆ నావ యెవరిదని యడుగగా తలయెత్తి నవ్వెను. "నావ నాదే బాబూ! ఇంజను షావుకారుగారిది. అప్పు నా కొడుకుది" అని చెప్పి మరల పనిలో మునిగెను. అర్థశాస్త్ర గ్రంథములు పెక్కు చదివితిమి. తీరప్రాంతపు ఆర్థికస్థితిని ఇంత క్లుప్తముగా చెప్పిన వాక్యమును మేమెందును చూడలేదు. ఆ మూడు మాటలకు వ్యాఖ్యానమే ఈ వ్యాసము.

నావికావిద్య మన తీరమునకు క్రొత్తది కాదు. 1605లో డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును బందరున వర్తకస్థానములు నెలకొల్పుకొనిరి. వారి మహానౌకలు దూరమున లోతునీట లంగరు వేసికొని నిలువవలసినదే. ఒడ్డునకు సరకును చేర్చినవి మనవారి చిన్న పడవలు. మేకులు లేక, కొబ్బరినార త్రాళ్లతో పలకలను కుట్టి చేసిన మసూలా పడవ తూర్పుతీరమంతట ప్రసిద్ధి గాంచెను. అల తాకినప్పుడు బిగిసి పగులుటకు మాఱుగా అది వంగి యోర్చుకొనెడిది. ఇక తెప్ప మాటయో! నాలుగు దుంగలు కట్టిన కట్టెమోపని పరిహసించువారు దాని శాస్త్రము నెఱుగరు. తెప్పకు బోలు లేదు. బోలు లేనిది నిండదు. నిండనిది మునుగదు. పైకి వచ్చిన కెరటము దుంగల సందులనుండి జాఱిపోవును. తలక్రిందైనను మరల పట్టుకొని యెక్కుటకు తెప్ప తేలుచునే యుండును.

ఈ తీరమునకు సముద్రమెంత కఠినమో చెప్పనక్కఱలేదు. 1864 నవంబరు 1వ తేది రాత్రి బందరును ముంచిన యుప్పెన, 1977 నవంబరు 19వ తేదిని దివిసీమను తుడిచిపెట్టిన యుప్పెన వేలకొలది ప్రాణములను గొన్నవి. 2004 డిశెంబరు 26వ తేది సునామీ మన తీరమున గూడ నావలను ముక్కలు చేసెను. ఆ తరువాత సహాయరూపమున వచ్చిన ఫైబరు నావలు కొయ్యతెప్పల స్థానమును త్వరితముగా నాక్రమించెను. అంతకు పూర్వమే, 1979లో మదరాసు కేంద్రముగా నారంభమైన బంగాళాఖాత కార్యక్రమమువారు అలలను దాటి యొడ్డెక్కగల చిన్న నావలను రూపొందించి పరీక్షించియుండిరి. మంచి కొయ్య దొరకుట దుర్లభమైన కాలమున గాజునారయు రెజినును కలిపి పోసిన నావ వచ్చుట సహజమే. అది తేలిక. దానిని పురుగు తొలువదు. ఏటేట సందులలో నార కూర్చి తారు పూయ బనిలేదు.

అయితే ప్రతి లాభమునకును ఒక వెల గలదు. ఇసుకమీద ఈడ్చినకొలది ఫైబరు నావ యడుగు అరగును. పైపూత పోయినచోట నీరు లోనిపొరలలో చేరి బొబ్బలు కట్టును, నావ బరువెక్కును, బలము తగ్గును. దానిని చక్కగా బాగుచేయవలెనన్న చెడిన భాగమును చెక్కి, పూర్తిగా ఆఱనిచ్చి, పిదప పొరమీద పొర వేయవలెను. తడిమీద వేసిన యతుకు పుండుమీద కట్టిన పట్టువస్త్రము వంటిది. అన్నిటికంటె ముఖ్యమైన దోషము వేఱొకటి. ఈ నావకు బోలు గలదు. బోలులో గాలిగదులో, నురుగుదిమ్మెలో లేకున్న ఒక పెద్ద కెరటముతో అది నిండును. నిండిన పిమ్మట ఇంజను బరువు దానిని క్రిందికి లాగును. తాతలనాటి తెప్పకు సహజముగానున్న గుణమును మనుమనినాటి నావలో పోగొట్టుకొని, దానికి అభివృద్ధి యని పేరు పెట్టుకొంటిమి.

ఈ విషయమున అన్యదేశముల అనుభవము కొంత వినదగినది. అమెరికా తీరములందు నావ నడుమ చుక్కాని పీఠమును నిలిపి, దాని చుట్టును నడచుటకు తెఱపి విడిచిన చిన్న వేటపడవలు విరివిగా వాడుకలోనున్నవి. వానిని కొనువారిలో పెక్కుమందికి వేట వినోదము, మనవారికది కూడు. అయినను ఆ యమరికలో వివేకము గలదు. నడుపువాడు నడుమ నుండుటచే బరువు సరిపడును. నలువైపుల చూపు పాఱును. వల గాని గాలము గాని ఏ ప్రక్కనైన వేయవచ్చును. 1958లో ఆ దేశమున బోస్టన్ వేలర్ అను పడవ వెలువడెను. రెండు గాజునార పొరల నడుమ నురుగును నింపి దానిని చేసిరి. 1961లో దాని నిర్మాత పడవలో కూర్చుండి, దానిని రంపముతో రెండుగా కోయించి, మిగిలిన ముక్కతో తేలుచు పోవు ఛాయాచిత్రములను లైఫ్ పత్రిక ప్రకటించెను. పిదప 20 అడుగులకు లోబడిన మోటారు పడవలు నీట నిండినను తేలుచునే యుండవలెనని ఆ దేశమున నిబంధన మేర్పడెను. ఇంతయు జేసి వారు కనుగొన్నదేమి? మన తెప్ప యెఱిగిన సత్యమే! విలాసముకొఱకు నీటిలో దిగువానికి అంతటి రక్షణ కల్పించిన లోకమున, జీవనముకొఱకు దిగువానికి అది యక్కఱలేదా?

ఇక ఇంజనునుగూర్చి. మేము యంత్రద్వేషులము కాము. గాలికై వేచి, తెడ్డు వేసి చేతులు కాయలు గట్టించుకొమ్మని యెవరికిని బోధింపము. మబ్బు పట్టినప్పుడు త్వరగా నొడ్డు చేర్చునది ఇంజను. చేప చెడకముందే రేవునకు తెచ్చునది ఇంజను. పొడవైన కమ్మికి చివర మరచక్రము గల తోక ఇంజను మన మొగలకు తగిన సాధనము. ఇసుకమేట తగిలినచోట దానిని పైకెత్తి పాఱువాఱి పోవచ్చును. అయితే అశ్వశక్తి పెంచినకొలది లాభము పెరుగునను భ్రమ తీరమంతట వ్యాపించినది. ప్రక్కవాడు పదింటి యింజను పెట్టినచో నేను ఇరువదింటిది పెట్టవలెను. నేను పెట్టినచో వాడు మరల మార్చవలెను. ఈ పందెమున గెలుచువాడు ఇంజను అమ్మువాడొక్కడే.

నీటికి తన న్యాయశాస్త్రము తనకు గలదు. బరువు మోయు నావ నీటిని చీల్చుకొని పోవునప్పుడు, నీటిగీతకడ దాని పొడవును బట్టి వేగమునకొక సహజమైన హద్దు గలదు. 25 అడుగుల నావకు ఆ హద్దు గంటకు సుమారు ఆఱున్నర నాట్లు, అనగా 12 కిలోమీటర్లు. అంతవరకు కొద్దిపాటి శక్తి చాలును. దానిని దాటింపబూనినచో నావ తాను లేపిన యలనే తాను ఎక్కవలసివచ్చును. డీజిలు ఖర్చు రెట్టింపులు మూడింతలుగ పెరుగును, వేగము మాత్రము వీసమంత పెరుగును. తేలికయైన వినోదపు పడవ నీటిపైకి లేచి పరుగిడగలదు. వలలు, ఐసు, చేప, నలుగురైదుగురు మనుష్యులతో నిండిన నావ లేవజాలదు. పైగా బరువైన యింజను అమరమున చేరుటతో వెనుక క్రుంగును, అణియము లేచును. వెంబడించు కెరటము సులువుగా లోన జొరబడును. కాబట్టి ఇంజను మార్చకముందే నావ బరువు ఎచ్చట నెట్లున్నదో విచారింపవలెను. మరచక్రము వంకరపోయినదా, అడుగున నాచు పట్టినదా యని చూడవలెను. పలుమాఱు వేగము తగ్గుటకు కారణము ఇంజను ముసలిదగుట కాదు, అడుగు మురికిపడుట.

మఱి ఏది ముందు, ఏది వెనుక? మా మతము స్పష్టము. మొదటి రూపాయి ప్రాణరక్షణకు: నురుగుదిమ్మెలకు, తేలుడు చొక్కాలకు, రేడియోకు. రెండవ రూపాయి ఐసుపెట్టెకు. మన యెండలో కిలో చేపకు కిలో ఐసు కావలెను. గోడలలో నురుగు నింపిన మంచి పెట్టె లేనిచో ఆ యైసు మధ్యాహ్నమునకే నీరగును, చేప మెత్తబడును, రేవున ధర సగమగును. పట్టిన చేపను చెడకుండ తెచ్చుట రెండవమాఱు వేటాడుటతో సమానము. దానికి డీజిలు అక్కఱలేదు, సముద్రము నదనముగా దోచుకొనుటయు అక్కఱలేదు. మూడవ రూపాయి నావ యడుగునకు. నాలుగవ రూపాయి మిగిలినచో ఇంజనునకు. నేడు తీరమున జరుగుచున్నది సరిగా దీనికి విపరీతము.

వెదకులాటలో వ్యర్థమగు డీజిలును తగ్గించుటకు మార్గము మన చెంతనే యున్నది. 1999లో హైదరాబాదున నెలకొన్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రము ఉపగ్రహములు చూచిన నీటి వేడిమిని, నీటి రంగును బట్టి చేప చేరదగు తావులను ప్రకటించుచున్నది. అలల యెత్తును, గాలివానను ముందుగా నెఱిగించుచున్నది. ఈ సమాచారము ప్రతి రేవునను, ప్రతి చిన్న నావ యజమానికిని, అతడు మాటలాడు తెలుగులో, వేటకు పోవుటకు ముందు చేరవలెను. అది చేరినచో పది అశ్వముల బలము ఊరకయే కలిసివచ్చును.

ఇప్పుడు అప్పు మాట. షావుకారు పత్రము వ్రాయించుకొనడు, వడ్డీ యడుగడు. ఇదియేమి ధర్మాత్ముడని తోచును. అతని షరతు ఒక్కటే: పట్టిన చేపను తనకే అమ్మవలెను, తాను చెప్పిన ధరకే అమ్మవలెను. లెక్క వేసి చూతము. కిలోకు పది రూపాయలు తగ్గించి కొనెననుకొందము. దినమునకు 40 కిలోలు, సాలుకు 200 దినముల వేట. సంవత్సరమునకు 80,000 రూపాయలు! ఇది వడ్డీయని పేరులేని వడ్డీ. ఎన్ని యేండ్లు చెల్లించినను అసలు అట్లే యుండును. మఱియు రాబడిలో డీజిలు, ఐసు ఖర్చులు పోగా మిగిలినది పాళ్లు వేసి నావకింత, ఇంజనునకింత, వలకింత, మనుష్యునికింత యని పంచుకొనుట మన తీరపు టాచారము. ఇంజను పరునిదైనచో ఇంజను పాలు పరునికే పోవును. పేరునకు యజమాని, ఫలమునకు కూలి! వృద్ధుడు చెప్పిన రెండవ మాటకును మూడవ మాటకును అర్థమిదియే.

ప్రభుత్వమేమియు చేయలేదని మేమనము. 2020లో వెలసిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనకు 20,050 కోట్ల రూపాయలు నిర్ణయించిరి. సామాన్యులకు ఖర్చులో నూటికి 40, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, స్త్రీలకు నూటికి 60 వంతున సహాయమను నియమము చేసిరి. రైతులకుండిన కిసాన్ క్రెడిటు కార్డును 2018-19 బడ్జెటుతో మత్స్యకారులకును వర్తింపజేసిరి. సకాలమున తీర్చువానికి వడ్డీ నూటికి నాలుగు వఱకు తగ్గును. వేట నిషేధకాలపు భృతిని మన రాష్ట్రమున 2019లో 10,000, 2025లో 20,000 రూపాయలు చేసిరి. ఇవి స్వల్పములు కావు. కాని వ్రాతలోని సహాయము రేవునకు వచ్చునప్పటికి ఏమగుచున్నది? నూటికి నలుబదివంతులు ప్రభుత్వమిచ్చును. మిగిలిన అఱువదివంతులు యజమాని సమకూర్చుకొనవలెను. ఆ అఱువది యెక్కడనుండి వచ్చును? నావ పత్రము లేదనియు, హామీదారు లేడనియు బ్యాంకు త్రిప్పివేసిన మనుష్యుడు మరల షావుకారు వాకిటికే నడచును. నలుబది ప్రజలది, అఱువది షావుకారుది యైనచో, నావ యెవరిది?

చిన్న నావలేల, పెద్ద ట్రాలరులను పెంచి లోతునీటికి పంపరాదా యని కొందఱు విజ్ఞులు వాదింతురు. లోతునీటి వేట వలదని మేమనము. కాని పెద్ద నావకు పెద్ద ధనము కావలెను. పెద్ద ధనము కొలదిమంది చేతనే యుండును. ఒక ట్రాలరు యజమాని కింద కూలికి పోవు పదిమందికంటె, తమ నావలు తాము నడుపుకొను మువ్వురు దేశమునకు బలమని మా విశ్వాసము. అడుగు దువ్వు వలలతో తీరము చెంతనే తిరుగు పెద్ద నావలు చేపపిల్లలను గూడ ఊడ్చుకొనిపోవును. 1994లో మన రాష్ట్రము చేసికొన్న సముద్రపు వేట క్రమబద్ధీకరణ చట్టము ఒడ్డుకడ నీటిలో చిన్న నావలకు రక్షణ కల్పింప నుద్దేశించినది. చట్టమున్నచో చాలదు, రాత్రివేళ దానిని కాపాడు కావలివాడును ఉండవలెను.

యజమానులకును ఒక మాట చెప్పక తప్పదు. స్వామ్యమనగా హక్కు మాత్రమే కాదు, బాధ్యత కూడ. 2024 సెప్టెంబరు మొదట కృష్ణ 11 లక్షల క్యూసెక్కులను మించి పొంగినప్పుడు, కట్లు తెగిన పెద్ద పడవలు కొట్టుకొనివచ్చి ప్రకాశము బ్యారేజి గేట్లను తాకి బరువుదిమ్మెలను విఱుగగొట్టుట వన్‌టౌను ప్రజలమందఱము చూచితిమి. అవి వేటనావలు కావు. పాఠము మాత్రము అందఱిది. నావను నమోదు చేయించుట, సంఖ్యను స్ఫుటముగా వ్రాయించుట, భీమా కట్టుట, వరదకు తట్టుకొను లంగరు వేయుట యజమాని ధర్మములు. తేలుడు చొక్కా వేసికొనుట పిఱికితనమని నవ్వు యువకులు, ఇంటికడ ఎదురుచూచు తల్లిని తలచుకొని నవ్వవలెను.

కావున మేము కోరునవి నాలుగే. ఒకటి: ప్రజాధనముతో సహాయము పొందు ప్రతి నావయు నీట నిండినను తేలునట్లు కట్టబడవలెను, నీటిలో పరీక్షింపక ఒక్క నావనైన అప్పగింపరాదు. రెండు: సహాయమును, బ్యాంకు ఋణమును వేఱుగాక ఒక్కమాఱుగా, ఒక్కచోట, నిషేధకాలము ముగియకముందే ఇయ్యవలెను, మరమ్మతునకును, ఐసుపెట్టెకును చిన్న ఋణములు దొరకవలెను. మూడు: సహకార సంఘములు పేరునకు గాక పనికి నిలువవలెను. ఇంజను విడిభాగములను కలిసి కొనుట, రేవున బహిరంగపు వేలము నడపుట, లెక్కలు నెలనెల చదివి వినిపించుట వారు చేయవలెను. షావుకారు స్థానమున సంఘాధ్యక్షుడు కూర్చుండినచో మార్పేమి? నాలుగు: పాత ఫైబరు నావలు మట్టిలో కలియవు, కాల్చిన విషపుపొగ, వానిని తిరిగి తీసికొను బాధ్యతను చేసి యమ్మినవారిపై మోపవలెను.

బెజవాడవారమగు మన వంతు ఏమి? మన వీధులలోని త్రాళ్ల యంగళ్లు, రంగుల యంగళ్లు, ఇనుపసామాను కొట్లు తీరముతో సంబంధము లేనివి కావు. వారు రసీదిచ్చి, నిర్ణీతమైన వడ్డీకి అరువిచ్చినచో అదియు దేశసేవయే. ఐసులో వచ్చిన చేపకు న్యాయమైన ధర చెల్లించుట కొనువారి సేవ. రైతు భూమికి యజమాని కావలెనని మనదేశమున ఒక తరము పోరాడెను. నేత నేయువానికి మగ్గము, నావ నడుపువానికి నావ యుండవలెననుట ఆ ధర్మమునకే కొనసాగింపు. దున్నువానికి భూమి యన్న నోటితో, వేటాడువానికి నావ యనుటకు ఏల సంకోచము?

ఆ వృద్ధుడు మరల కనబడినచో మేము మరల నదే ప్రశ్న నడుగగోరుచున్నాము. "నావ నాది, ఇంజను నాది, అప్పు తీరిపోయింది బాబూ" అని యతడు చెప్పగల దినము వచ్చువఱకు తీరమున అభివృద్ధి జరిగెనని యెవరు ప్రకటించినను మేము నమ్మజాలము.